మడతలో పోయిన ఊరి పేరు: నాటాల్ నుంచి తిరిగి వచ్చిన ముత్తాత స్వగ్రామాన్ని ఎలా వెతకాలి?

హార్బరు మనవరాలు:

అందరికీ నమస్కారం. ఏ దరఖాస్తు నింపాల్సి వచ్చినా ‘స్వగ్రామం’ అనే గడి దగ్గర మా నాన్నగారి కలం ఆగేది. కాసేపు ఆలోచించి ‘విశాఖపట్నం’ అని రాసేవారు. రాసిన తరువాత, ‘ఇది మనం దిగిన ఊరమ్మా, మన ఊరు కాదు’ అనేవారు. నాన్న పోయి ఏడాది దాటింది. ఆ గడిలో రాయాల్సిన పేరు ఏమిటో కనుక్కోవాలని నాకు పట్టుదల వచ్చింది. దారి తెలిసినవారు సాయం చేస్తారని అడుగుతున్నాను.

మా తాతయ్య 1904లో నాటాల్‌లో పుట్టారు. ఇప్పటి దక్షిణాఫ్రికాలో, సముద్రం ఒడ్డున ఉన్న చెరకు తోటల్లో. ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో కలిసి మద్రాసులో ఓడ దిగారు. అక్కడి నుంచి రైల్లో విశాఖ వచ్చారు. ముత్తాత ఎందుకో సొంతూరికి వెళ్లలేదు, ఆ ఊరి పేరు పిల్లల దగ్గర ఎత్తలేదు కూడా. తాతయ్య పెద్దయ్యాక హార్బరు కట్టే పనిలో చేరారు. 1933లో హార్బరు తెరిచేనాటికి ఆయన అక్కడే ఉన్నారు. మా ఇంటి చరిత్రలో మాకు తెలిసినది అక్కడి నుంచే మొదలవుతుంది.

నా దగ్గరున్న ఆధారం ఒక్కటే. తాతయ్య రేకుపెట్టెలో, పంచెల అడుగున, ఇంగ్లీషులో అచ్చువేసి చేత్తో నింపిన కాగితం ఒకటి దొరికింది. వెనక గుడ్డ అతికించి ఉంది. నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత. నూరేళ్లకు పైగా అలాగే మడిచి ఉంచినందువల్ల మడతల దగ్గర కాగితం పొడిగా రాలిపోయింది. పైన ఐదంకెల సంఖ్య ఒకటి ఉంది. ముత్తాత పేరు పైడయ్య, ఆయన తండ్రి పేరు అప్పలస్వామి. జిల్లా ‘విజగపటం’, తాలూకా ‘పాల్కొండ’. ఊరి పేరు సరిగ్గా అడ్డమడత మీద పడింది. మొదటి అక్షరాలు పోయాయి. చివర ‘వల్స’ అని మాత్రం మిగిలింది.

పాలకొండ వైపు ‘వలస’తో ముగిసే ఊళ్లు ఎన్ని ఉన్నాయో పటంలో చూసేసరికి నా ఉత్సాహం సగం పడిపోయింది. అందులో మాది ఏదని తెలుసుకోవడం ఎలా? ఈ కాగితంలో నేను గమనించని ఆధారం ఇంకేమైనా ఉందా?

ఇంకొక చిన్న విషయం. నాన్న మమ్మల్ని అన్నానికి పిలిచేటప్పుడు ‘వోజా, వోజా’ అనేవారు. తాతయ్య కూడా అలాగే పిలిచేవారట. ఇది ఏ ఊరి మాటో ఎవరికైనా తెలుసా? దాన్ని బట్టి ఊరు పట్టుకోవచ్చేమోనని ఆశ.

పాతదస్త్రాలు:

అమ్మా, మడత గురించి బాధపడకండి. మీ కాగితంలో అన్నిటికంటే విలువైనది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆ ఐదంకెల సంఖ్య.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ, ఒప్పందం మీద నాటాల్ తోటల పనికి మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి కూలీలతో డర్బన్ చేరింది. చివరి ఓడ ‘ఉమ్లాజి’ 1911 జూలైలో చేరింది. నడుమ 1866 నుంచి 1874 వరకు రవాణా ఆగింది. మొత్తం మీద 1,52,000 మందికి పైగా వెళ్లారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవారే. ప్రతి మనిషికీ, చంటిబిడ్డతో సహా, నాటాల్ ప్రభుత్వం ఒక సంఖ్య వేసింది. దాన్ని కలోనియల్ నంబరు అంటారు. జీతం, సెలవు, పెళ్లి, ఫిర్యాదు, మరణం, అన్నీ ఆ సంఖ్య కిందే నమోదయ్యాయి. మనుషులను అంకెలతో పిలిచారన్న బాధ ఒకవైపు ఉంది. అయినా మీలాంటి మనవరాలికి ఈరోజు దారి చూపేది కూడా ఆ అంకెలే.

ఓడల జాబితాల్లో ఒక్కొక్కరి వరుసలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రాసి ఉంటాయి. అంటే మీ మడతలో రాలిపోయిన పేరు ఇంకొక పుస్తకంలో పదిలంగా ఉండే అవకాశం ఉంది. ఈ జాబితాలను దక్షిణాఫ్రికా పరిశోధకులు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డర్బన్‌లో క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌కు సంఖ్య, పేరు, తండ్రి పేరు రాసి పంపండి. పేరుతో మాత్రమే వెతికితే పైడయ్యలు గుంపుగా వస్తారు. సంఖ్యతో వెతికితే ఒక్కరే వస్తారు.

ఊరి పేరు దొరికాక దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా చెవితో చదవండి. మీ ముత్తాత నోటితో చెప్పారు, గుమస్తా తన చెవికి అందినట్టు రాసుకున్నాడు, తరువాత ఇంకొకరు నకలు తీశారు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ జారిపోయి ఉంటాయో బయటికి గట్టిగా పలికి చూస్తే తెలుస్తుంది.

ఒక మనవి. ఆ కాగితానికి టేపు అతికించకండి, ఇస్త్రీపెట్టె తగిలించకండి. గది చీకటి చేసి, ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని ఫొటో తీయండి. సిరా వెలిసినా పాళీ నొక్కిన గీత నీడగా కనబడుతుంది.

గొలుసు లాగినవాడు:

నేను ముప్ఫై నాలుగేళ్లు సర్వే శాఖలో పనిచేశాను. అందులో పదకొండేళ్లు పాలకొండ, పార్వతీపురం, సాలూరు వైపే. ‘వలస’ ఊళ్ల సంగతి నాకు కొంత తెలుసు.

ఆ ప్రాంతంలో ఎవరో కొన్ని కుటుంబాలు పాత ఊరు వదిలి, అడవి కొట్టి, చెరువు కింద నాలుగు గుడిసెలు వేసుకుంటే అది ఒక వలస. కొత్తగా వేస్తే కొత్తవలస. చెట్టు పేరుతోనో, మనిషి పేరుతోనో ఇంకొకటి. అందుకే ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు కనబడతాయి. మీ ముత్తాత నాటాల్ వెళ్లడానికి ముందే ఆ ఊరు ఒకసారి వలస వచ్చినదన్నమాట. పైగా వీటిలో చాలా ఊళ్లు శివారు గ్రామాలు. రెవెన్యూ రికార్డులో పెద్ద ఊరి పేరే ఉంటుంది, శివారు పేరు ఉండకపోవచ్చు. ఇంటర్నెట్ పటంలో కనబడలేదని ‘ఈ ఊరు లేదు’ అనుకోకండి. రెవెన్యూ గ్రామం నక్షాలో నివాసాల గుర్తు పక్కన చిన్న అక్షరాలతో శివారు పేరు రాసి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

రెండో సంగతి జిల్లా. కాగితంలో విజగపటం ఉంది కదా అని ఇప్పటి విశాఖ కలెక్టరు కార్యాలయానికి వెళితే ఒట్టి చేతులతో తిరిగి వస్తారు. పాలకొండ ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలోని తాలూకా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. వాటి పొరుగునే ఉన్న వంగర విజయనగరం జిల్లాలో కలిసింది. బూర్జ శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. ఊళ్లు కదలలేదు, వాటి చుట్టూ గీతలు కదిలాయి. పాత తాలూకా హద్దును ఒక తెల్లకాగితం మీద గీసుకుని, ఆ గీత లోపల ఉన్నవాటినే వెతకండి, ఇప్పటి జిల్లా ఏదైనా సరే.

మీకు ఒక విషయంలో అదృష్టం ఉంది. చుట్టుపక్కల బొబ్బిలి వంటి జమీందారీల్లో రైతుల లెక్కలు జమీందారు కచేరీల్లో ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత సెటిల్మెంట్, అంటే భూములు కొలిచి శిస్తు నిర్ణయించే పని, జరిగేదాకా అక్కడ ప్రభుత్వ రికార్డు పలుచన. పాలకొండను మాత్రం 1830లలో తిరుగుబాటు తరువాత కంపెనీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, తరువాత అర్బత్‌నాట్ కంపెనీకి కౌలుకు ఇచ్చింది. అందువల్ల సెటిల్మెంట్ రిజిస్టర్లు అక్కడ కాస్త ముందే మొదలయ్యాయి. అయితే ఒక మాట. భూమి లేని కూలి కుటుంబమైతే పట్టా రికార్డులో పేరు కనబడదు. పేరు కనబడకపోతే ‘మనవాళ్లు ఇక్కడివాళ్లు కారు’ అనే తీర్మానానికి రాకండి. సెంటు భూమి కూడా లేనివారే ఎక్కువగా ఓడ ఎక్కారు. 1896-97 కరువు గంజాం, విశాఖ జిల్లాలను పట్టి పీడించిన తరువాతి సంవత్సరాలు అవి.

పేర్లు కూడా మీ కాగితంతో కలుస్తున్నాయి. అప్పలస్వామి అంటే సింహాచలం అప్పన్న పేరు. పైడయ్య అంటే విజయనగరం పైడితల్లి పేరు. ఈ రెండు పేర్లూ తండ్రీకొడుకులకు ఉన్న ఇల్లు గోదావరికి దక్షిణాన ఉండటం అరుదు. తాలూకా విషయంలో మీ కాగితాన్ని నమ్మవచ్చు.

డర్బన్ తెలుగు టీచరు:

నమస్కారం. నేను ఇక్కడ పుట్టినదాన్ని కాదు. పెళ్లి చేసుకుని వచ్చి ఇరవై ఏళ్లయింది, శనివారాలు పిల్లలకు తెలుగు చెబుతాను. మీ ‘వోజా’ చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

అది మన ఊళ్ల మాట కాదండీ. జులు మాట. ‘రా’ అని అర్థం. తోటల్లో మనవాళ్లు జులువారి పక్కన పనిచేశారు, వారి మాటలు నేర్చుకున్నారు. ఏడేళ్ల పిల్లవాడు సముద్రం దాటి తెచ్చుకున్న ఆ ఒక్క మాట మూడు తరాలను అన్నానికి పిలిచింది. స్వగ్రామం కోసం వెతికే పనిలో దీన్ని పనికిరాని ఆధారంగా పక్కన పెట్టకండి. తాతయ్య పుట్టిన ఊరు కూడా మీ ఊళ్లలో ఒకటే.

1911లో ఎందుకు తిరిగి వచ్చి ఉంటారో కొంత ఊహించవచ్చు. 1895లో నాటాల్ ఒక చట్టం చేసింది. ఆ తరువాత ఒప్పందం మీద వచ్చినవారు గడువు తీరాక మళ్లీ ఒప్పందం రాయాలి, లేదా స్వదేశం వెళ్లిపోవాలి, లేదా ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలి. కూలి బతుకులో అది భరించలేని మొత్తం. భార్య మీద, పెద్దయిన పిల్లల మీద కూడా అదే పన్ను. 1913లో ఇక్కడి భారతీయ కూలీలు చేసిన సమ్మె తరువాత, 1914లో గానీ అది రద్దు కాలేదు. కొడుకు పెద్దవాడై పన్ను లెక్కలోకి రాకముందే ఓడ ఎక్కిన కుటుంబాలు ఉన్నాయి. మీ ముత్తాత మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ సంవత్సరాలు మాత్రం సరిపోతున్నాయి.

ఇక నేను అడగదలచిన ప్రశ్న. మీ ముత్తవ్వ ఎవరు? మీ ఉత్తరమంతా పైడయ్యగారి ఊరి గురించే ఉంది. ఆమెకూ ఒక సంఖ్య ఉంటుంది, ఆమెకూ ఒక ఊరు ఉంటుంది. చాలా జంటలు తోటల్లోనే కలిశాయి. ఇద్దరిదీ ఒకే జిల్లా కానక్కరలేదు. ఆయన సొంతూరికి ఎందుకు వెళ్లలేదనే ప్రశ్నకు జవాబు ఆమె వరుసలో దొరకవచ్చు.

హార్బరు మనవరాలు:

టీచరుగారూ, మీ ఉత్తరం మా అన్నయ్యకు ఫోనులో చదివి వినిపించాను. ‘వోజా’ దగ్గరకు వచ్చేసరికి ఇద్దరమూ మాట్లాడలేకపోయాము. నాన్న ఉండగా తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

ముత్తవ్వ పేరు మునెమ్మ. అంతకు మించి నాకు తెలియదు. మీరు అడిగేదాకా ఆమెకు ఒక ఊరు ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. సంఖ్యతో పాటు ఆమె పేరు కూడా రాసి పంపాను.

పాతదస్త్రాలు:

మునెమ్మ అనే పేరు ఉత్తరాంధ్రలో అంతగా వినబడదు. చిత్తూరు వైపు ముని అనే మాటతో పేర్లు ఎక్కువ. మునెమ్మ, మునిరత్నం, మునిస్వామి. ఆ వైపు నుంచి నాటాల్ వెళ్లినవారూ చాలామంది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో గానీ ఏర్పడలేదు. అంతకుముందు చిత్తూరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. జాబితాలో ‘నార్త్ ఆర్కాట్’ అని కనబడితే తమిళ కుటుంబం అని పొరబడకండి.

హార్బరు మనవరాలు:

ఏడు వారాల తరువాత జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పైడయ్య, తండ్రి అప్పలస్వామి, వయసు 22. జిల్లా విజగపటం, తాలూకా పాల్కొండ, ఊరు ‘కొతవల్స’. 1899లో దిగారు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. గుర్తులు: కుడి కనుబొమ్మ మీద గాయపు మచ్చ. ఉంజింటో వైపు ఒక చెరకు తోటకు పంపారు.

మాకు ఆయన ఫొటో లేదు. ఎలా ఉండేవారో చెప్పగలిగినవారు ఎవరూ మిగలలేదు. కనుబొమ్మ మీది ఆ మచ్చ ఒక్కటే ఆయన రూపం గురించి మాకు తెలిసినది. ఆ వరుసను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మునెమ్మ, తండ్రి మునిస్వామి, వయసు 19, జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా చిత్తూరు. 1900లో దిగారు, ఒంటరిగా. కులం గడిలో పైడయ్యగారిదొకటి, ఆమెదొకటి. ఆయన సొంతూరికి ఎందుకు వెళ్లలేదో నాకు అర్థమైందనుకుంటున్నాను. ఆమెను వెంటబెట్టుకుని వెళితే ఊరు ఆమెను ఎలా చూస్తుందో ఆయనకు తెలిసే ఉంటుంది. ఆమెను వదిలి వెళ్లలేదు. ఊరినే వదిలారు. ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉండిపోవడానికి ఎంత ఓర్పు కావాలో.

ఇప్పుడు కొతవల్స అంటే కొత్తవలస అని తెలిసింది. కానీ ఆ పేరుతో ఒకటికి మించి ఊళ్లు ఉన్నాయి. విజయనగరం జిల్లాలో రైల్వే స్టేషను ఉన్న కొత్తవలస మాది కాదని తాలూకాను బట్టి తీసేశాను. మిగిలినవాటిలో తేల్చడం ఎలా?

గొలుసు లాగినవాడు:

ఒంటరి ఊరిని పట్టుకోవడం కష్టం. సర్వేలో తెలియని బిందువును తెలిసిన బిందువుల నుంచి గొలుసు లాగి పట్టుకుంటాం. ఇక్కడా అదే పని చేయండి. మీ ముత్తాత సంఖ్యకు ముందు పది, తరువాత పది సంఖ్యలవారి వరుసలు తెప్పించండి. ఊరి నుంచి మనిషి ఒక్కడే ఓడ ఎక్కడం తక్కువ. బావమరిదో, పక్కింటివాడో, అదే సంతలో కలిసినవాడో తోడు ఉంటాడు. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలో ఒక్కసారే పేర్లు రాయించుకుంటే సంఖ్యలు కూడా పక్కపక్కనే పడతాయి. వారి ఊళ్లన్నీ పటం మీద చుక్కలు పెట్టండి. ఆ చుక్కల నడుమ ఏ కొత్తవలస ఉందో చూడండి.

హార్బరు మనవరాలు:

తెప్పించాను. ముత్తాత తరువాతి సంఖ్య ఒక పద్దెనిమిదేళ్ల యువకుడిది. తండ్రి పేరు అప్పలస్వామి, ఊరు కొతవల్స. ఆయన తమ్ముడేనా? ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. దాని తరువాత వరుసగా ముగ్గురిది ‘వీరగొట్టం’, ఒకరిది ‘వంగర’. ముందున్నవారు గోదావరి జిల్లావారు, వారికీ వీరికీ పొత్తు లేదు.

వీరఘట్టం, వంగర చుక్కలు పెట్టి చూస్తే వాటికి నడిచి వెళ్లగల దూరంలో రెండు నివాసాలు మిగిలాయి. రెండూ శివారు గ్రామాలే. వచ్చే నెల రెండో ఆదివారం అన్నయ్యా నేనూ రెండు ఊళ్లకూ వెళుతున్నాము. అక్కడ ఏమని అడగాలి? నూట పాతికేళ్ల కిందటి మనిషిని ఎవరు గుర్తుపడతారు?

గొలుసు లాగినవాడు:

మనిషిని అడగకండి. పొలాన్ని అడగండి, చెరువుగట్టును అడగండి. ‘పైడయ్య అనేవారు తెలుసా’ అంటే ఎవరూ పలకరు. ‘అప్పలస్వామి పేరుతో ఏదైనా మడి, దిబ్బ, కళ్లం ఉందా’ అని అడగండి. మనుషుల పేర్లు మూడు తరాల్లో మాసిపోతాయి గానీ మడుల పేర్లు నీళ్లు పెట్టేవారి నోట్లో ఉండిపోతాయి. ‘ఇద్దరు కొడుకులు ఓడెక్కి పోయిన ఇల్లు’ అని కూడా అడిగి చూడండి. ఒకే ఇంట్లో ఇద్దరు పోవడం ఊరికి గుర్తుండే సంగతి. పొద్దున్నే వెళ్లండి. ఎండ ఎక్కాక పెద్దవాళ్లు రచ్చబండ దగ్గర ఉండరు.

ఇంటిపేరు గుర్తుంటే అది చివర చెప్పండి. ముందే చెబితే మర్యాదకు అందరూ తల ఊపుతారు.

ఆ ఆదివారం నేనూ పాలకొండలోనే ఉంటాను. రెండు గ్రామాల నక్షాల నకళ్లు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను.

డర్బన్ తెలుగు టీచరు:

ఆ పద్దెనిమిదేళ్ల అబ్బాయి సంఖ్య నాకు పంపండి. ఆయన తిరిగి వచ్చిన దాఖలా లేకపోతే ఇక్కడే ఉండి ఉంటారు. ఉంజింటో మా ఇంటి నుంచి గంట ప్రయాణం. అక్కడి పాత శ్మశానంలో తెలుగు అక్షరాల రాళ్లు కొన్ని ఉన్నాయి. ఈ శనివారం క్లాసు అయ్యాక వెళ్లి చూస్తాను.

పాతదస్త్రాలు:

అసలు కాగితం ఇంట్లోనే ఉంచి, ఫొటో తీసుకెళ్లండి.

హార్బరు మనవరాలు:

అలాగేనండీ. సంఖ్య పంపాను టీచరుగారూ.